వెనక్కి రమ్మన్న మాట

రేకుల కప్పు తయారైంది. ఖాళీ డ్రమ్ముల మీద చెక్కలు పరిచి, వాటిపైన ఏటవాలుగా రేకులు బిగించి, చివర ఒక పొగగొట్టం కూడా నిలబెట్టారు వడ్రంగులు. నది మధ్యలో లంగరు వేసి వదిలితే, ఎవరి ఇల్లో పీకలదాకా మునిగి కప్పొక్కటే మిగిలినట్టు కనిపించింది. దళం వంటవాడు దుప్పటి ముసుగేసుకుని దాని మీదకెక్కి, ముసలమ్మలా నడుం వంచి, "నాయనలారా, నన్ను కాపాడండి! లేకపోతే రేపట్నుంచి మీకు అన్నం ఉండదు!" అని గొంతు చించుకున్నాడు. ఒడ్డునున్న సిపాయిలు పగలబడి నవ్వారు.

మేజరు నవ్వలేదు. ఆ కప్పూ, ఆ దుప్పటీ, ఆ కేకలూ అన్నీ అతని కోసమే.

వరద తీసి నెల దాటింది. ఇళ్ళనూ పొలాలనూ మింగిన నది ఇప్పుడు ఏమీ ఎరగనట్టు ఒడ్డు కిందుగా పారుతోంది. ఆ వరదలో పడవల దళం జనాన్ని ఎలా కాపాడిందో కళ్ళారా చూడటానికి గురువారం జనరల్ వస్తున్నాడు. చూసి మెచ్చితే పతకానికి సిఫార్సు చేస్తాడు. యుద్ధం లేని రోజుల్లో పతకం కావాలంటే పని ఒకసారి చేస్తే చాలదు. చూడవలసినవాడు వచ్చినప్పుడు మళ్ళీ చేసి చూపించాలి, అదీ మొదటిసారి కంటే బాగా. కల్నల్‌కు ఇది వెన్నతో పెట్టిన విద్య. పొద్దుటినుంచీ ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ పెళ్ళిపెద్దలా అన్నీ పురమాయిస్తున్నాడు.

"వానేదయ్యా? వాన లేకుండా వరదేమిటి?" అన్నాడు. ఎవరో పరుగెత్తి ఫైరింజను తెప్పించారు. దాని గొట్టం ఆకాశం వైపు పెట్టి వదిలితే, గాలికి ఆ నీళ్ళన్నీ వచ్చి కల్నల్ కొత్త టోపీ మీదే పడ్డాయి. "భేష్! ఇలాగే ఉండాలి. కాకపోతే నా మీద కాదు, నది మీద," అన్నాడు టోపీ దులుపుకుంటూ.

తరవాత మేజరును చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక రాయి పక్కన నిలబెట్టాడు. "నువ్విక్కడ. వైర్‌లెస్ సెట్టు చేతిలో ఉండాలి. పడవ సగం దూరం వెళ్ళేసరికి పైనుంచి దుంగలు కొట్టుకొస్తాయి. పడవ ఆగుతుంది. నువ్వు కాస్త ఆలోచిస్తావు. మరీ ఎక్కువసేపు ఆలోచించకు, జనరల్‌కి ఓపిక తక్కువ. ఆలోచించి, 'ముందుకు వెళ్ళండి' అంటావు. ఆ రెండు మాటలకేనయ్యా పతకం."

"సార్, ఆ రోజు..."

"ఆ రోజేమన్నావో ఇప్పుడూ అదే అను. కొత్తగా కల్పించమన్నానా నేను?"

మేజరు సెట్టు అందుకున్నాడు.

ఆ రోజు అతనన్నది ఆ మాట కాదు. కుండపోత వానలో, దుంగలు పడవ మీదకు దూసుకొస్తుంటే, ఇదే రాయి పక్కన నిలబడి సెట్టులో "వెనక్కి వచ్చేయండి" అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాడు. పడవ వెనక్కి రాలేదు. కప్పు మీద బిక్కుబిక్కుమంటున్న కుటుంబాన్ని ఎక్కించుకునే వచ్చింది. పడవను నడిపించిన సార్జెంటు ఒడ్డెక్కగానే, "సెట్టు తడిసిపోయింది సార్, ఏమీ వినబళ్ళేదు" అన్నాడు. అప్పటికే కల్నల్ వచ్చాడు, పత్రికలవాళ్ళు వచ్చారు. కల్నల్ మేజరు భుజం చుట్టూ చెయ్యేసి ఫొటోలు దిగాడు. నిజం చెప్పడానికి సందు దొరకలేదని మేజరు ఇన్నాళ్ళూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. సందు దొరక్కపోవడానికి నెల రోజులు చాలా ఎక్కువని అతనికీ తెలుసు.

వచ్చే నెల ప్రమోషన్లు. అతనికిదే ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే మేజరుగానే ఏదో గిడ్డంగిలో సామాన్లకు కాపలా కాస్తూ రిటైరవ్వాలి. దళానికి వచ్చేది ఒకే ఒక్క పతకం. అది ఛాతీ మీద ఉంటే ప్రమోషన్ వచ్చినట్టేనని కల్నల్ ముందే చెవిన వేశాడు.

"కానివ్వండి!" అని కేకేశాడు కల్నల్.

పడవ కదిలింది. ముందు అంచున మోకాలి మీద కూర్చున్నాడు సార్జెంటు. తల నెరిసిన మనిషి, వచ్చే ఏడు రిటైరవుతాడు, దళమంతా అతన్ని పెద్దాయనే అంటుంది. వెనక మోటారు దగ్గర కొత్తవాడు కూర్చున్నాడు. అసలు అక్కడ కూర్చోవలసినవాడి కుడిచెయ్యి ఆ వరద రోజునే తాడుకూ పడవ అంచుకూ మధ్య నలిగిపోయింది. అతనింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఎప్పుడు చూసినా యంత్రం ముందే కూర్చునుంటాడని అతనికి 'మోటారు' అని పేరు పెట్టారు. మేజరు రెండుసార్లు అతనికి పళ్ళు పంపించాడు. వెళ్ళి చూడాలనుకుంటూనే ఉన్నాడు.

ఫైరింజను వాన మొదలైంది. మలుపు వెనక దాక్కున్న సిపాయిలు దుంగలు వదిలారు. నీళ్ళు కళ్ళలో పడి మేజరుకు ఏమీ కనిపించలేదు. నల్లటి దుంగలు, వాటికెదురుగా చిన్న పడవ, అందులో తన మనుషులు. సెట్టు నోటి దగ్గరికి ఎప్పుడు వచ్చిందో అతనికే తెలియదు.

"వెనక్కి వచ్చేయండి!" అని అరిచాడు.

పడవ తిరగలేదు. ఒక్క మనిషి కూడా తల తిప్పి ఒడ్డు వైపు చూడలేదు. పెద్దాయన చెయ్యి ముందుకు చాచాడు, పడవ దుంగల సందులోంచి వంకరగా పోయి కప్పును చేరుకుంది, దుప్పటి ముసలమ్మను ఇద్దరు ఎత్తి పడవలో వేశారు.

కల్నల్ నడుం మీద చేతులేసుకుని మేజరు వైపు చూశాడు. "ఏంటయ్యా అది? నోరు జారిందా?"

"జారింది సార్."

"నా ముందు జారితే ఫర్వాలేదు. జనరల్ ముందు జారిందనుకో, పతకం కూడా దాంతోపాటే జారుతుంది. మళ్ళీ మొదట్నుంచీ!"

మళ్ళీ మొదటినుంచీ చేశారు. ఈసారి మేజరు సరిగ్గానే అన్నాడు. కానీ అతని మనసంతా ముందుసారి మీదే ఉంది. ఈ రోజు సెట్టు తడవలేదు. మాట ఖణీమని వెళ్ళింది. అయినా పడవ వెనక్కి తిరగలేదు.

అందరూ భోజనాలకు వెళ్ళాక పెద్దాయన పడవ పక్కన కూర్చుని తాడు చుట్టుకుంటున్నాడు. అరచేతికీ మోచేతికీ మధ్య చుట్ట మీద చుట్ట వేస్తూ, తడి ఉన్నచోటల్లా గుడ్డతో ఒత్తి తుడుస్తున్నాడు. మేజరు వచ్చి నిలబడ్డాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

"పెద్దాయనా, ఇందాక నేనన్నది వినబడిందా మీకు?"

"వినబడింది సార్. నోరు జారారనుకున్నాం."

"మరి ఆ రోజు?"

తాడు చుట్టే చెయ్యి ఆగలేదు. "ఆ రోజు వాన సార్."

"వాన సంగతి నాకూ తెలుసు. వినబడిందా, లేదా?"

పెద్దాయన తాడు కొస పళ్ళతో బిగించి ముడి వేశాడు. "శుక్రవారం పొద్దున మోటారుకి వైద్య బోర్డు ఉంది సార్. చెయ్యి చూసి ఏ సంగతో తేలుస్తారంట. మీరొకసారి వస్తే బాగుంటది."

"ఆఁ, చూద్దాం. నేనడిగింది..."

"శుక్రవారం సార్. మర్చిపోకండి." చుట్ట భుజాన వేసుకుని షెడ్డు వైపు నడిచాడు. మేజరుకు ఒళ్ళు మండింది. సూటిగా అడిగితే పెద్దమనిషి ఇలా నీళ్ళు నములుతాడనుకోలేదు.

*

ఇంట్లో మామగారు వరండాలో పాత పత్రిక పరుచుకుని తన పతకాలు తోముకుంటున్నాడు. ఆయనా సైన్యంలోనే పనిచేసి రిటైరయ్యాడు. అల్లుడికి పతకం వస్తోందని కూతురు చెప్పగానే పెట్టె సర్దుకుని వచ్చేశాడు.

"రా అల్లుడూ, కూర్చో. నీకింకా వీటి కథలు చెప్పనే లేదు. ఇదేమో, అన్నేళ్ళపాటు ఎవరితోనూ గొడవపడకుండా ఉన్నందుకు. ఇది మా పటాలం పుట్టి యాభయ్యేళ్ళయిన సంవత్సరం నేను బతికున్నందుకు. ఇది మంచుకొండ మీద ఒక చలికాలమంతా వణికినందుకు. అక్కడ శత్రువనేవాడు మాకు కనబడితే ఒట్టు. ఇదిగో, దీనికి మాత్రం నిజంగా చెమటోడ్చాను. విదేశాల నుంచి ఎవరో పెద్దమనిషి వస్తే కవాతు బాధ్యత నాకిచ్చారు. అన్ని గుర్రాలుంటే, ఆయన ముందు ఒక్కటి కూడా లద్దె వెయ్యలేదు. నవ్వకు. అది మామూలు విషయం కాదు."

"నేను నవ్వట్లేదండీ."

"అదే చూస్తున్నా. నవ్వాల్సిన చోట నవ్వట్లేదేంటి నువ్వు?"

లోపల భార్య అతని యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. మేజరు గదిలోకి వెళ్ళాడు, కిటికీ తెరిచాడు, మూశాడు, మంచినీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుని తాగకుండానే పెట్టేశాడు.

"ఏమండీ, కాలుగాలిన పిల్లిలా తిరక్కండి. నాకు తల తిరుగుతోంది," అంది ఆవిడ. "వరద పోయినప్పట్నుంచీ ఇదే వరస. అసలేమైందో చెప్తారా, లేక నన్నే ఊహించుకోమంటారా?"

చెప్పాడు. మొదట నిలబడి, తరవాత మంచం అంచున కూర్చుని, మూడుసార్లు వెనక్కి రమ్మన్న సంగతి మొత్తం చెప్పాడు. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చొక్కా కాలర్ మడత వేలితో సరిచేస్తూ వింది.

"ఈసారి కూడా పోతే ఆ గిడ్డంగేగా?" అంది చివరికి.

"అంతే."

"నిజం చెప్పాలనే ఉంటే ఆ సాయంత్రమే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తే అది ఎవరికోసం? ఆ సార్జెంటు కోసమా, మీ నిద్ర కోసమా?"

"నువ్వూ కల్నల్‌లాగే మాట్లాడుతున్నావు."

"నాకు మీ ప్రమోషన్ కావాలి. లేదని దొంగమాటలు చెప్పను. కానీ మిమ్మల్నిలా చూస్తుంటే, ఆ పతకం వచ్చాక కూడా మీరు ఇంట్లో కుదురుగా కూర్చుంటారన్న నమ్మకం లేదు నాకు." మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

గోడకు చెవులుంటాయో లేదో గాని, మామగారికి మాత్రం బాగానే ఉన్నాయి. గుడ్డ చేత్తోనే గుమ్మంలోకి వచ్చాడు. "వెనక్కి రమ్మనడం తప్పెలా అవుతుందయ్యా? పడవ బోల్తా పడితే నిన్నే కోర్టుకీడ్చేవాళ్ళు. వాళ్ళు బతికి బట్టకట్టారు కాబట్టి నీకు పతకం. లెక్కంతే. నువ్వు దీన్ని అనవసరంగా నెత్తిన వేసుకుంటున్నావు."

మామగారు చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి అతనికేమీ కనబడలేదు. అదే అతన్ని మరీ చిరాకు పెట్టింది. భోజనం దగ్గర అన్నం కెలికి లేచాడు.

*

గురువారం ఎండ కాసింది. ఒడ్డున షామియానా వేశారు, ముందు వరసలో మెత్తటి కుర్చీలు, వెనక మామూలు కుర్చీలు వేశారు. జనరల్ పొట్టివాడు, చురుకైనవాడు. అతను నడుస్తుంటే పక్కనున్న పొడుగు మనుషులు పరుగెత్తవలసి వచ్చింది. అతని వెంట పుస్తకమూ పెన్నూ పట్టుకుని ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు.

అన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఫైరింజను మధ్యలో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది గాని, జనరల్ దాన్ని వాన తెరిపిచ్చినట్టు అనుకున్నాడు కాబోలు. వంటవాడు ఈసారి అన్నం సంగతి ఎత్తకుండా బుద్ధిగా ఏడ్చాడు. దుంగలు వచ్చాయి. పడవ ఆగింది. మేజరు ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాడు, సెట్టు ఎత్తాడు, "ముందుకు వెళ్ళండి" అన్నాడు. గొంతు వణకలేదు. ఇంత తేలిగ్గా వచ్చే మాట ఆ రోజు ఎందుకు రాలేదా అనిపించింది అతనికి.

జనరల్ చప్పట్లు కొట్టాడు. వెనక వరసలన్నీ కొట్టాయి. పడవలోవాళ్ళను దిగి వరసగా నిలబడమన్నారు. జనరల్ ఒక్కొక్కరి ముందూ ఆగి, భుజం తట్టి, పెద్దాయన దగ్గర నిలబడిపోయాడు.

"ఆ దుంగలు చూసి భయం వెయ్యలేదూ?"

"వేసింది సార్."

"మరి?"

పెద్దాయన చూపు జనరల్ భుజం మీది నక్షత్రాల మీదే ఉంది. "మేజరు గారు ముందుకు వెళ్ళమన్నారు సార్. వెళ్ళాం."

ఒడ్డెక్కిన నాడు ఇతనే ఏమీ వినబళ్ళేదన్నాడు. ఇప్పుడు ముందుకు వెళ్ళమన్నారంటున్నాడు. తన కోసం ఈ ముసలాయన జనరల్ ముఖం మీద అబద్ధం చెబుతున్నాడని అనుకోగానే మేజరుకు చెవులు వేడెక్కాయి. ఇక ఓర్చుకోవడం అతని వల్ల కాలేదు.

"లేదు సార్," అన్నాడు.

జనరల్ తల తిప్పాడు.

"ఆ రోజు నేను వెనక్కి రమ్మన్నాను సార్. మూడుసార్లు చెప్పాను. వీళ్ళు వినలేదు. వినకుండా ముందుకెళ్ళి ఆ కుటుంబాన్ని కాపాడారు. ఇందులో నేను చేసిందేమీ లేదు. అంతా ఈ సార్జెంటు చేశాడు."

కల్నల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. షామియానా కింద కుర్చీ ఏదో కిర్రుమంది. పెద్దాయన వరసలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండి, మెడ మాత్రం తిప్పి మేజరును చూశాడు. అందులో కృతజ్ఞతేమీ లేదు. పట్టపగలు ఇంటికి నిప్పు పెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు.

జనరల్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మెల్లగా అతని మీసాల కింద నవ్వు పుట్టింది.

"కల్నల్, విన్నారా? చెయ్యని పని చేశామని చెప్పుకునే ఆఫీసర్లను నా సర్వీసులో కొల్లలుగా చూశాను. చేసిన పని తన కిందివాడికి కట్టబెట్టేవాణ్ణి మాత్రం ఇవాళే చూస్తున్నాను."

"సార్, నేను వినయానికి అనట్లేదు. నిజంగానే..."

"వినయం ఉన్నవాడు అలాగే అంటాడు." సిపాయిల వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీ మేజరు ఏమన్నాడు?"

"ముందుకు, సార్!" అంది పడవలో ఉన్న మందంతా, ఒక్క గొంతుతో. ఆ రోజు మోటారు దగ్గర లేని కొత్తవాడు కూడా అరిచాడు.

జనరల్ మనసారా నవ్వి, పక్కనున్న కుర్ర ఆఫీసరుతో, "ఈ మాట కూడా రాయి," అన్నాడు. కుర్రవాడు రాశాడు.

కార్లన్నీ దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాక కల్నల్ మేజరు వీపు మీద గట్టిగా చరిచాడు. "భలే ఎత్తు వేశావయ్యా! నాకు కూడా తట్టలేదు. ముందు ఒక ముక్క చెప్పుంటే నా గుండె ఆగినంత పనయ్యేది కాదు కదా!"

"సార్, అది ఎత్తు కాదు. నేను నిజంగానే వెనక్కి..."

"చాలు చాలు, జనరల్ వెళ్ళిపోయాడు. ఇక్కడ నేనొక్కణ్ణేగా," అని కన్ను గీటాడు కల్నల్.

పెద్దాయన షెడ్డులో పడవను బోర్లించి అడుగున అంటిన బురద గీకుతున్నాడు. మేజరు లోపలికి వచ్చినా లేవలేదు. ఇన్నేళ్ళలో అతను లేవకపోవడం ఇదే మొదలు.

"ఎందుకన్నారు సార్ ఆ మాట?"

"నిజం కాబట్టి. మీకు రావాల్సిన పేరు నాకొస్తుంటే ఎలా ఊరుకోను?"

"నేనడిగానా పేరు?" చెక్కతో బురద గట్టిగా లాగాడు. "ఆయన నవ్వి ఊరుకున్నాడు కాబట్టి సరిపోయింది. నమ్మి ఉంటే? నా సంగతి వదిలెయ్యండి, నేను రేపో మాపో పోయేవాణ్ణి. మోటారు సంగతేంటి? ఆజ్ఞ మీద వెళ్ళి చెయ్యి పోయిందంటే వాడికి పింఛనొస్తది, మందులొస్తాయి, కూర్చుని చేసే పనేదో చూపిస్తారు. ఆజ్ఞ కాదని వెళ్ళి పోయిందంటే వాడి చెయ్యి వాడి ఖర్మ. బయటికి నడవమంటారు. రేపు బోర్డు పెట్టుకుని ఇవాళ మీరు జనరల్ ముందు ఆజ్ఞ లేదంటారా?"

 మేజరు అక్కడున్న నూనె డబ్బా మీద కూర్చోబోయి, మూత లేదని గమనించి ఆగాడు.

"నేను... దాని గురించి ఆలోచించలేదు."

"తెలుసు సార్. ఒడ్డెక్కినప్పుడు నేనూ ఆలోచించకుండానే వినబళ్ళేదన్నాను. తరవాత వాడి చెయ్యి చూశాక తెలిసింది, ఆ మాట పనికిరాదని. పడవలోవాళ్ళం అందరం ఒక మాట అనుకున్నాం, మేజరు గారు ముందుకే అన్నారని." చెక్క పక్కన పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మీ కోసం కాదు."

*

శుక్రవారం పొద్దున్నే మేజరు ఆసుపత్రిలో ఉన్నాడు. గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు డాక్టర్లు, మూడోవాడు లావుపాటి ఆఫీసరు. మోటారు బల్లకెదురుగా స్టూలు మీద కూర్చుని, కట్టు విప్పిన చేతిని బల్ల మీద పెట్టాడు. మూడు వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. బొటనవేలు కదిలించమంటే కదిలించాడు, మిగతావి కదిలించమంటే వాటి వైపు చూసి ఊరుకున్నాడు. మేజరు ఆ చేతిని చూడటం అదే మొదటిసారి. పళ్ళు పంపినంత సులువుగా లేదు చూడటం.

"ఆ పడవ వెళ్ళింది మీ ఆజ్ఞ మీదేనా?" అని అడిగాడు ఆఫీసరు.

"అవును సార్."

"దుంగలు కనిపించాక కూడా?"

"కనిపించాకే ముందుకు వెళ్ళమన్నాను. నేనే చెప్పాను."

ఆఫీసరు కళ్ళజోడు పైనుంచి చూసి నవ్వాడు. "నిన్న నది దగ్గర జరిగింది మా దాకా వచ్చిందిలెండి. ఇక్కడ కూడా 'నేను కాదు, నేను కాదు' అంటారేమోనని భయపడ్డాం." డాక్టర్లు కూడా నవ్వారు. మేజరు వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు తన గొంతులోంచి ఎలా వచ్చిందో అతనికి తెలియలేదు.

బయట నడవలో బల్ల మీద మోటారు పక్కన కూర్చున్నాడు. నర్సు కొత్త కట్టు కట్టి వెళ్ళింది. లోపల తేల్చి చెప్పేదాకా ఆగాలి. నడవ చివర ఎవరో తడిగుడ్డతో నేల తుడుస్తున్నారు.

"నన్ను క్షమించు. ముందే రావాల్సింది," అన్నాడు మేజరు.

"పళ్ళు అందాయి సార్. బాగున్నాయి."

"అసలు చెయ్యి ఎలా పడింది అక్కడ?"

మోటారు ఆశ్చర్యంగా చూశాడు. "పెద్దాయన చెప్పలేదా? మీరు వెనక్కన్నారు కదా సార్, సెట్టు నా కాళ్ళ దగ్గరే ఉంది. మీ మాట అయ్యేలోపే మోటారు తిప్పేశాను. పెద్దాయనేమో కాదు, ముందుకే అన్నాడు. మళ్ళీ ఇటు తిప్పాను. ఆ తిప్పుడికి తాడు వదులై ఒక్కసారిగా బిగిసింది. చెయ్యి తియ్యడానికి టైం లేదు. అంతే సార్, ఇంకేం లేదు."

మేజరు లేచి నిలబడ్డాడు. ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"అంటే నా మాట వల్ల..."

"అలా అనకండి సార్." మోటారు కాస్త దగ్గరికి జరిగాడు. "నేనొకటి చెప్తాను, మావాళ్ళెవరికీ చెప్పకండి. నవ్వుతారు. ఆ దుంగలు చూసి నాకు చేతులు కాళ్ళు ఆడలేదు. ఇంటిదీ పిల్లలూ కళ్ళ ముందు తిరిగారు. పెద్దాయన వెనక్కి తిరగడని నాకు తెలుసు. అప్పుడు మీ గొంతు వినబడింది, వెనక్కి వచ్చేయండని. ప్రాణం లేచొచ్చింది సార్. మా ప్రాణాల గురించి కూడా ఆలోచించేవాడొకడు ఒడ్డున ఉన్నాడనిపించింది. నేను మీకు ఆ సంగతి చెప్పాలనుకుంటూనే ఉన్నాను." గది తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కానీ ఇక ఆ మాట ఎక్కడా ఎత్తకండి సార్. మీరది అనలేదు. ఆ కాగితం మీద కూడా అలాగే రాసుకున్నారు."

మేజరు తలూపాడు. నెల రోజులుగా సిగ్గుతో దాచుకున్న మాటను ఒక మనిషి అపురూపంగా దాచుకున్నాడు. అదే మాట అతని చెయ్యి తీసుకుంది. ఇప్పుడు తన నోటితోనే తను ఆ మాట లేకుండా చేసి వచ్చాడు.  ఏడుపు వస్తే బాగుండుననుకున్నాడు. రాలేదు.

లోపలినుంచి పిలుపు వచ్చింది. మోటారు లేచి, చొక్కా సర్దుకుంటూ, కట్టున్న చేతి వైపు ఇబ్బందిగా చూసుకున్నాడు. "ఈ చేతి గుండీ తీసుంది సార్. ఎడంచేత్తో నాకు రావట్లేదు. కాస్త పెడతారా?"

మేజరు వంగి, మడిచిన చొక్కా చేతిని కిందికి లాగి, కట్టు మీదుగా అంచులు దగ్గరికి తెచ్చాడు. కాజా బిగుతుగా ఉంది. గుండీ దాని అంచుదాకా వచ్చి జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు. వేళ్ళు చెప్పినమాట వినడం లేదు. మళ్ళీ జారింది.

"నిదానంగా పెట్టండి సార్," అన్నాడు మోటారు. "తొందరేం లేదు."